ఎంబీపీఎస్ బేరం వదిలి చెరువు కాపలా అమ్మండి: చిన్న నెట్ ఆపరేటర్లకు

భీమవరం పక్కన మాకు 1,400 ఫైబర్ కనెక్షన్లున్నాయి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక కేబుల్ టీవీ ఒక్కటే నమ్ముకుంటే కుదరదని నెట్‌లోకి దిగాను. అక్కడా ఇన్ని ఎంబీపీఎస్ (నెట్ స్పీడు) ఇంతకంటూ రేట్ల గొడవే. పక్కవాడు 399 అంటే మనం 349 అనాలి.

దారి చూపించింది ఒక రొయ్యల రైతు. కొత్త ప్లాన్ చెప్పబోతే, "నీ ఎంబీపీఎస్ నాకెందుకయ్యా? రాత్రి ఏరేటర్ ఆగితే నా ఫోను మోగాలి, అది చెయ్యి" అన్నాడు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఈ ఏరేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి.

కాబట్టి ముందు మీ ఊళ్లో జనానికి నిద్ర పట్టనివ్వనిదేంటో కనుక్కోండి. మాకు చెరువు. మీకు కోల్డ్ స్టోరేజీ కావచ్చు, రైస్ మిల్లు కావచ్చు.

తర్వాత పెట్టెలు (సర్వర్లు, రూటర్ల లాంటి పరికరాలు) కొనడం ఆపండి. జపాన్‌లో రకుటెన్ అనే కంపెనీ 2020లో మొబైల్ నెట్‌వర్క్‌నే మామూలు సర్వర్ల మీద సాఫ్ట్‌వేర్‌గా నడిపి చూపించింది. మనకంత అక్కర్లేదు. బిల్లింగ్, లాగిన్, అలారం సాఫ్ట్‌వేర్ అద్దెకు తీసుకుంటే చాలు. రూటర్ కూడా సాఫ్ట్‌వేర్‌గా దొరుకుతుంది. మైక్రోటిక్ కంపెనీ రూటర్ సాఫ్ట్‌వేర్ సీహెచ్ఆర్‌ని ఉచితంగా పెట్టుకోవచ్చు. ఇంటర్‌ఫేస్‌కి 1 ఎంబీపీఎస్ దాటదు గానీ, చెయ్యి తిరగడానికి సరిపోతుంది.

నేను దెబ్బ తిన్నది లాగిన్ దగ్గర. కస్టమర్ల లాగిన్ సరిచూసే రేడియస్ సర్వర్ మొత్తం క్లౌడ్‌కి (నెట్‌లో అద్దెకు దొరికే కంప్యూటర్‌కి) మార్చిన వారానికి, సాయంత్రం పోయిన కరెంటు ఊరంతటికీ ఒకేసారి వచ్చింది. ఇళ్లలో రూటర్లన్నీ ఒక్కసారే లాగిన్ అడిగాయి. క్లౌడ్‌లో నేను తీసుకున్న చిన్న మెషీన్ ఉక్కిరిబిక్కిరైంది. గంటన్నర పాటు ఫోన్లలో తిట్లు! ఇప్పుడు రేడియస్ కాపీ ఒకటి ఆఫీసులో పాత కంప్యూటర్ మీద ఎప్పుడూ నడుస్తుంటుంది. మీరూ పెట్టుకోండి. లాగ్‌లు (ఎవరు ఎప్పుడు కనెక్టయ్యారన్న రికార్డులు) క్లౌడ్‌లో ఉన్నా లైసెన్స్ ప్రకారం రెండేళ్లు దాచాల్సిన బాధ్యత మనదే, అద్దెకిచ్చినవాడిది కాదు.

ఇక అలారం. మొదట్లో నేను చేసిన తెలివితక్కువ పని, ఏరేటర్ స్టార్టర్ బాక్సులో సెన్సర్ పెట్టి, కరెంటు పోతే మెసేజ్ పంపమనడం. కరెంటు పోతే మన రూటరూ పోతుంది కదా, మెసేజ్ ఎలా వెళ్తుంది? తిరగేశాను. సెన్సర్ ప్రతి 30 సెకన్లకీ "ఉన్నాను" అంటుంది. రెండు నిమిషాలు మాట లేకపోతే క్లౌడ్ నుంచి కాల్ వెళ్తుంది. ఫైబర్ తెగినా మోగుతుంది, నిజమే. ఒకసారి అనవసరంగా లేపినందుకు రైతు విసుక్కుంటాడంతే. రూటర్ దగ్గర మాత్రమే కరెంటు పోయినా ఇలాగే మోగుతుంది, రూటర్‌కి చిన్న బ్యాటరీ పెడితే అది తగ్గుతుంది. ఎస్ఎమ్ఎస్ మాత్రం వద్దు, అర్ధరాత్రి ఎవరు చూస్తారు?

దీని బిల్లు నెట్ బిల్లులో కలపకండి. కలిపితే పక్కవాడి 349 దీన్నీ కిందికి లాగేస్తుంది. చెరువుకి ఇంత అని విడిగా రాయండి. రసీదు మీద "ఏరేటర్ ఆగితే ఫోన్ చేస్తాం" అని మాత్రమే రాయండి. "పంట కాపాడతాం" అన్నారో, లక్షల్లో మీ మెడకు చుట్టుకుంటుంది.

నెలకోసారి పగటిపూట రైతు ఎదురుగానే, ఆయన్ని అడిగి, ఏరేటర్ మెయిన్ స్విచ్ దించి చూడండి. మొదటిసారి దించినప్పుడు మా రైతు ఫోను మోగలేదు, సైలెంట్‌లో ఉంది. అప్పటినుంచి రెండో నంబరు ఇంట్లో ఆవిడది తీసుకుంటున్నాను.