బండ ఎక్కే ముందు 15 నిమిషాలు

హైదరాబాద్ చుట్టుపక్కల బండలెక్కేవాళ్లకు సగం పైకి వెళ్లాక గుడ్లగూబ గుడ్లు కనిపించి దిగిరావడం పెద్ద తలనొప్పి. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఇలా చేయండి. వంద మీటర్ల దూరంలోనే ఆగి, బైనాక్యులర్‌తో 15 నిమిషాలు అంచులూ పగుళ్లూ చూడండి. రాయి మీద సున్నం కారినట్టు తెల్లటి రెట్ట చారలుంటే పక్క బండకు మారిపోండి. బండ మొదట్లో గుడ్లగూబ కక్కిన, ఎలుక బొచ్చు, ఎముకలు కలిసిన ఉండలు కనిపించినా అంతే. మన అలికిడికి తల్లి ఎగిరిపోతే ఎండలో కాలే రాతి మీద గుడ్లు పాడైపోతాయి, పాపం.

చారలు లేవని మాత్రం ధీమా పడొద్దు. కొమ్ముల్లాంటి ఈకలున్న ఈ పెద్ద గుడ్లగూబ పుల్లలతో గూడు కట్టదు, బండ అంచుల్లో వట్టి నేల మీదే గుడ్లు పెడుతుంది. పొదిగేటప్పుడు కదలదు, రాతి రంగులో కలిసిపోతుంది. ఎక్కుతుండగా దగ్గర్లోంచి పెద్ద పక్షి ఒక్కసారిగా లేస్తే, ఆ క్షణమే దిగేయండి.