లూప్ కలవకపోతే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

గుహ సర్వే ఫైల్లో కొన్ని తప్పుల్ని సర్వెక్స్ (గుహ కొలతల్ని లెక్కగట్టి మ్యాపుగా మార్చే సాఫ్ట్‌వేర్) తనే పట్టేస్తుంది. స్టేషన్ (కొలత మొదలయ్యే లేదా ముగిసే చోటు) పేరు తేడాపడి ఒక ముక్క దేనికీ అతక్కపోతే వెంటనే చెబుతుంది, దిద్దేస్తే సరి. తలనొప్పంతా కంపాస్ రీడింగు 127కి బదులు 172 కొట్టినప్పుడే. రెండూ నిక్షేపంలాంటి రీడింగులే మరి. పైగా లూప్‌లో, అంటే తిరిగి మొదలైన స్టేషన్‌కే వచ్చే చుట్టులో, మిగిలిన తేడాను అది లెగ్గులన్నిటికీ (రెండు స్టేషన్ల మధ్య ఒక్కో కొలత ఒక లెగ్) పంచేస్తుంది కాబట్టి మ్యాపు ముచ్చటగానే కనిపిస్తుంది.

అందుకే నేను బొమ్మకంటే ముందు సర్వెక్స్ లూపుల తేడాలు రాసిపెట్టే .ఈఆర్ఆర్ ఫైలు తెరుస్తాను. అందులో లూప్ పొడవులో తేడా ఎంతో చెప్పే శాతాన్ని పట్టించుకోను. లూప్ పొడవుగా ఉంటే పెద్ద తప్పు కూడా చిన్న శాతంలో దాక్కుంటుంది. చూడాల్సింది హెచ్, వీ అంకెలు. పరికరాల వల్ల మామూలుగా రాగల తేడాకి, వచ్చిన తేడా పక్కకి ఎన్ని రెట్లు, నిలువుగా ఎన్ని రెట్లు అని అవి చెబుతాయి. 1 దగ్గరుంటే సరే. 3 దాటితే ఎవరో ఏదో తప్పు రాశారనే నా లెక్క.

వీ ఒక్కటే పెరిగిందా, ముందు క్లైనో (వాలు కోణం కొలిచే పరికరం) మైనస్‌లు చూడండి. 12 మీటర్ల లెగ్, మైనస్ 15 డిగ్రీలు అనుకుందాం. మైనస్ ఎగిరిపోతే 3.1 మీటర్లు దిగాల్సినది అంతే ఎక్కుతుంది. తేడా 6.2 మీటర్లు, పక్కకి మాత్రం సున్నా. హెచ్ ఒక్కటే పెరిగితే అనుమానం కంపాస్ మీదికి పోవాలి.

ఇప్పుడు లూప్‌ని తెంపండి. లెగ్‌ని తీసేయొద్దు, ఒక చివర పేరు మార్చండి చాలు (వరుసగా రెండు స్టేషన్లు, పొడవు, కంపాస్, క్లైనో):

౼ ముందు: 12 13 8.40 172 -4
౼ తర్వాత: 12 13ఎక్స్ 8.40 172 -4

సర్వెక్స్‌ని మళ్లీ నడిపి దాని బొమ్మ చూపే ప్రోగ్రామ్ ఏవెన్‌లో చూస్తే 13కీ 13ఎక్స్‌కీ మధ్య ఖాళీ కనబడుతుంది. లూప్‌ని ఎక్కడ తెంపినా ఈ ఖాళీ దాదాపు ఒకటే, కాబట్టి తప్పు ఏ లెగ్‌లో ఉందో అది చెప్పదు, ఎలాంటి తప్పో చెబుతుంది. ఖాళీ ఏదో ఒక లెగ్ దిశలోనే ఉండి, దాని పొడవుకి రెట్టింపుంటే ఆ లెగ్‌ని వెనక్కి చూసి ముందుకి రాసుకున్నారు. పై లెగ్‌లో 127 బదులు 172 పడితే ఖాళీ 6.4 మీటర్లు, లెగ్‌కి అడ్డంగా. లూపులు ఒకదానికొకటి అల్లుకుని ఉంటే, ఒకటి తెంపగానే పక్కవాటి అంకెలు కూడా దిగాయా చూడండి. దిగితే దొంగ అక్కడే.

తర్వాత గుహలో రాసిన అసలు కాగితం తీయండి, టైపు చేసిన కాపీ కాదు. బురద మరకలో 1, 7 ఒక్కలాగే ఉంటాయి. కాగితంలోనూ అదే అంకె ఉంటే ఫైల్లో మార్చకండి, సెమికోలన్ పెట్టి (దాని తర్వాతిది సర్వెక్స్ లెక్కలోకి తీసుకోదు) పక్కన అనుమానం రాసి, మళ్లీ కొలిచే జాబితాలో చేర్చండి. లూప్ కలిసేదాకా అంకెలు సవరించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట.

ఏ ట్రిప్పుకి ఆ ట్రిప్పు లూపులు కలిసి, రెండు ట్రిప్పుల్ని కలిపేవి మాత్రమే కలవకపోతే డిక్లినేషన్ (కంపాస్ చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న కోణం) చూడండి. సర్వెక్స్‌లోని కాలిబ్రేట్ ఆదేశం మనమిచ్చిన అంకెను రీడింగులోంచి తీసేస్తుంది. తూర్పుకి 2 డిగ్రీలైతే మైనస్ 2 రాయాలి. గుర్తు తిరగబడితే 4 డిగ్రీలు తిరిగిపోతుంది, 100 మీటర్లకి 7 మీటర్లు.

లూపే లేని దారుల్లో ఈ పద్ధతులేవీ పనిచేయవు. అక్కడ ప్రతి లెగ్‌నీ ముందుకీ వెనక్కీ చూసి, 2 డిగ్రీలు మించి తేడా వస్తే అక్కడికక్కడే మళ్లీ కొలవడం ఒక్కటే దారి.