మనస్పర్థ వచ్చినవాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళే ముందు

ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గరే తేల్చేద్దాం అనుకోకండి. ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడమని యేసు చెప్పారు (మత్తయి 18:15). నలుగురిలో అడిగితే ఎవరైనా తప్పు ఒప్పుకోరు, పరువు చూసుకుంటారు.

బయల్దేరే ముందు:

- విన్నది ఎవరి నోటి నుంచి? సంగతి పూర్తిగా వినకుండా జవాబు చెప్పడం మూర్ఖత్వం అంటుంది సామెతలు 18:13.

- కోపం చల్లారిందా? సూర్యుడు అస్తమించేలోగా కోపం విడిచిపెట్టమన్న మాట (ఎఫెసీయులు 4:26) పట్టుకుని కొందరు రాత్రికి రాత్రే తలుపు తడతారు. వాక్యం విడిచిపెట్టమన్నది కోపాన్ని, అదే రాత్రి గొడవ పెట్టుకోమని కాదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ అసలే వద్దు.

- ప్రార్థన విన్నపం పేరుతో ఇంకొకరికి చెప్పేశారా? అదీ చాడీయే.

- భాష. మా పర్లాకిమిడిలో అందరం మర్చిపోయేది ఇదే. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కొండల నుంచి వచ్చే విశ్వాసుల్లో చాలామందిది సవర. వాళ్ళకి తెలుగు రాదులే అని ఎదురుగానే ఓ మాట అనేస్తాం. సంతలో ఒకావిడ గురించి నేనూ అలాగే అన్నాను. ఆవిడకి ప్రతి మాటా అర్థమైంది, తల వంచుకుని వెళ్ళిపోయింది. క్షమించమని అడగడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

వెళ్ళాక మొదటి మాట, "అన్నా, ఏం జరిగిందో నువ్వే చెప్పు." ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో అడ్డుపడకండి.