ఇంజిన్ కట్టాక మొదటి సెల్ఫ్ కొట్టేముందు టైమింగ్ చూసుకోండి

సంక్రాంతి దగ్గరపడిందంటే మా రావులపాలెం చుట్టుపక్కల షెడ్లన్నిట్లో ఒకటే హడావిడండి, భోగి నాటికి బండి రోడ్డెక్కాలి అంటారు అందరూ, అల్లుడొస్తున్నాడనొకరు భీమవరం పందాలకెళ్ళాలని ఇంకొకరు. ఆ తొందరలో నెలరోజులుగా విప్పి పడున్న పాత అంబాసిడరో మారుతి 800నో రాత్రి 11 గంటలకి హెడ్డు బిగించేసి, హమ్మయ్య అయిపోయిందని వెంటనే సెల్ఫ్ కొట్టేస్తారు. దయచేసి అలా చెయ్యకండి. ఆ రాత్రికి పడుకోండి, పొద్దున్నే ఒక గంట టైమింగ్, అంటే పిస్టన్ కదలికకి తగ్గ సమయానికే వాల్వులు తెరుచుకుని మూసుకుంటున్నాయా, ప్లగ్గుకి కరెంటు అందుతోందా అనేది, చూసుకుని అప్పుడు కొట్టండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే నేను పని నేర్చుకునే రోజుల్లో కొత్తపేట నుంచి వచ్చిన ఒక అంబాసిడర్ ఇంజిన్ కట్టాం. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ మీద గాటు, ఎదురుగా ఉన్న ముల్లు కలిపాను, ఒకటో ప్లగ్గు వైరుకి ఎదురుగా లోపల తిరిగే రోటర్ వచ్చేలా డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా కరెంటు పంచేది) పెట్టాను, అంతా కరెక్టే అనుకున్నా. సెల్ఫ్ కొట్టగానే కార్బురేటర్లోంచి ఠాప్‌మని పేలి అడుగెత్తు మంట లేచింది, ఎయిర్ క్లీనర్ ఇంకా పెట్టలేదు, నా ముంజేతి వెంట్రుకలన్నీ కాలి ముద్దయిపోయాయి. తర్వాత అరగంట డిస్ట్రిబ్యూటర్లో కరెంటు తెగ్గొట్టే పాయింట్లు మార్చాం, కాయిల్ మార్చాం, కార్బురేటర్ విప్పి కడిగాం, బ్యాటరీ దిగిపోయింది. మేస్త్రీ గారు టీ తాగొచ్చి ఒకటే అడిగారు, "ఏరా, కంప్రెషన్ మీద పెట్టావా, ఊరికే మార్కు మీద పెట్టావా?" అని.

అసలు మర్మమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే వాల్వుల్ని తెరిచే కామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరుగుతుంది, డిస్ట్రిబ్యూటర్ కూడా అంతే, అంటే పుల్లీ గాటు ముల్లు దగ్గరకి రెండుసార్లు వస్తుంది, ఒకసారి ఒకటో సిలిండర్లో కంప్రెషన్ అయ్యి పేలడానికి రెడీగా ఉంటుంది, ఇంకోసారి పొగ బయటికి పోయి కొత్త గాలి లోపలికొచ్చే సందులో ఉంటుంది. పిస్టన్ రెండుసార్లూ పైనే ఉంటుంది కాబట్టి ప్లగ్గు బొక్కలో స్క్రూడ్రైవర్ పెట్టి చూసినా తేడా తెలీదు. నేను పెట్టింది ఆ రెండోది.

తేడా తెలియాలంటే ప్లగ్గులన్నీ తీసేసి ఒకటో బొక్క మీద బొటనవేలు గట్టిగా నొక్కి పెట్టి ఇంకొకళ్ళని పుల్లీ బోల్టుకి సాకెట్ వేసి ఇంజిన్ తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పమనండి, గాలి వేలిని తోసేస్తుంది చూడండి, అప్పుడు గాటు ముల్లుకి కలపాలి. నాలుగు సిలిండర్ల బండైతే ట్యాపెట్ల (వాల్వుల్ని నొక్కే భాగాల) కవర్ తీసి కూడా చూడొచ్చు, ఒకటో సిలిండర్ ట్యాపెట్లు రెండూ వదులుగా ఆడాలి, నాలుగో దాని ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్లెట్ తెరుచుకుంటూ ఉండాలి. మారుతి 800 మూడు సిలిండర్లది కాబట్టి ఈ జత లెక్క కుదరదు, ఒకటో దాని ట్యాపెట్లనే నమ్ముకోవాలి. ఇంకో చిక్కేంటంటే కొన్ని ఇంజిన్లలో క్రాంకునీ కామ్ షాఫ్టునీ కలిపే టైమింగ్ బెల్టు మార్కులన్నీ చక్కగా కలిసినప్పుడు ఒకటోది కంప్రెషన్ మీద ఉండదు, కాబట్టి బెల్టు మార్కులు వేరు, కరెంటు టైమింగ్ వేరు, రెండూ విడివిడిగా చూడండి. ప్లగ్గు వైర్ల వరస అంబాసిడర్‌కి 1-3-4-2, మారుతి 800కి 1-3-2, అయితే రోటర్ ఎటు తిరుగుతుందో కళ్ళతో చూసుకుని అటే పెట్టుకుంటూ వెళ్ళాలి.

బెల్టు వేశాక కచ్చితంగా చెయ్యాల్సింది చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు మళ్ళీ చూడటం. బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్ సర్దుకున్నాక ఒక పన్ను జరిగిపోవడం మామూలే, కామ్ పుల్లీకి 40 పళ్ళున్నాయనుకోండి, ఒక్క పన్ను తప్పితే కామ్ 9 డిగ్రీలు తప్పినట్టు, క్రాంకు లెక్కలో 18, అది చిన్న తప్పు కాదు. తిప్పేటప్పుడు ఎక్కడైనా ఇనుము ఇనుముకి తగిలినట్టు టక్కున ఆగిపోతే బలం పెట్టకండి, పిస్టన్ వాల్వుని ముట్టుకుంటోంది, అక్కడే ఆపి బెల్టు తీసి మళ్ళీ మొదట్నుంచి చూడండి. డీజిల్ బళ్ళలో అయితే వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ చాలా తక్కువ, క్రాంకూ కామూ కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ లేకుండా అంచనాతో కట్టొద్దు.

సెల్ఫ్ కొట్టేముందు కాయిల్ వైరు తీసేసి, ప్లగ్గులు లేకుండానే ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పండి. పక్కన ఫైర్ సిలిండర్ పెట్టుకోండి, ఎయిర్ క్లీనర్ బిగించే కొట్టండి, ముఖం కార్బురేటర్ మీదకి వంచొద్దు. అప్పటికీ పట్టుకోకపోతే కొడుతూనే ఉండకండి, పెట్రోలు కొత్త రింగుల దగ్గర ఆయిల్ కడిగేసి కిందకి దిగుతుంది, మా అంబాసిడర్ డిప్ స్టిక్ వాసన చూస్తే పెట్రోలు బంకులా ఉంది, కొత్త ఆయిలంతా పారబోశాం.

ఇంజిన్ చేసే శబ్దమే చాలావరకు చెప్పేస్తుందండి. సెల్ఫ్ కొడితే ఎప్పుడూ వచ్చే ఎత్తుపల్లాలు లేకుండా ఖాళీ మోటారులా గిర్రున తిరిగితే కంప్రెషన్ లేనట్టే, కామ్ టైమింగ్ తప్పిందో వాల్వులు వంగాయో చూడాలి. కార్బురేటర్లో పేలితే ముందు డిస్ట్రిబ్యూటర్ సగం చుట్టు తప్పి పడిందేమో, వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. సెల్ఫ్ మోటారు ఎదురు తన్నినట్టు ఆగి ఆగి తిరిగితే కరెంటు మరీ ముందొస్తోంది. స్టార్టయ్యి పికప్ లేక, వేడెక్కిపోయి, సైలెన్సర్ మొదట్లో పైపు ఎర్రబడుతుంటే కరెంటు ఆలస్యంగా వస్తోంది. ఇంకోటి, అంతర్వేది, ఓడలరేవు వైపు బళ్ళకి ఉప్పుగాలికి డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల తేమ పట్టి సన్నటి నల్ల గీతలు పడతాయి, కరెంటు పక్క వైరుకి దూకి అచ్చం టైమింగ్ తప్పులాగే మిస్ కొడుతుంది, క్యాప్ వెలుతురులోకి తెచ్చి చూడండి.

ఇంజిన్ పట్టుకున్నాక టైమింగ్ లైటు (ప్లగ్గుకి కరెంటు వెళ్ళినప్పుడల్లా వెలిగి పుల్లీ గాటు ఎక్కడుందో చూపించేది) ఒకటో వైరుకి తగిలించి, డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం తీసి మూసేసి, బండి పుస్తకంలో ఎన్ని డిగ్రీలుందో అంతే పెట్టండి, చెవితో సరిపెట్టొద్దు. మన డెల్టాలో ఘాట్ రోడ్లు లేవు కాబట్టి లోడు మీద చూడాలంటే వంతెనలే దిక్కు, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన గానీ చించినాడ వంతెన గానీ మూడో గేరులో ఎక్కించి చెవి పెట్టండి, గులకరాళ్ళు గిలకొట్టినట్టు టిక్‌టిక్‌మంటే టైమింగ్ కొంచెం వెనక్కి తగ్గించాలి. పాయింట్లున్న బండైతే కొత్త పాయింట్లకి రాసుకుంటూ తిరిగే మడమ మొదట్లో త్వరగా అరిగి పాయింట్ల గ్యాప్ తగ్గుతుంది, దానితో టైమింగ్ వెనక్కి జరుగుతుంది, అందుకని కనుమ పండగ దాటాక దూర ప్రయాణం పెట్టుకునేముందు గ్యాపు సరిచేసి ఇంకోసారి లైటు పెట్టి చూడండి.