ఐస్ హాకీ స్కేట్లు: కాలికి సరిచూసుకునే పద్ధతి

మహబూబ్‌నగర్‌లో సిమెంటు నేలపై చక్రాల స్కేట్లతో నేర్చుకుని, లేహ్‌లో మంచు మీద ఆడాలనుకునే పిల్లలకు, ఎదిగే కాలు కదా అని ఒక సైజు పెద్ద స్కేట్లు కొనకండి. ఐస్ హాకీ స్కేటు సాధారణంగా రోజువారీ బూటు కన్నా ఒకటి, ఒకటిన్నర సైజు చిన్నదే సరిపోతుంది. ఆటలో వేసుకునే పలుచటి సాక్సులతోనే తొడిగి, రబ్బరు చాప మీద మడమను తట్టి వెనక్కి కూర్చోబెట్టి, లేసులు బిగించి నిలబడితే, వేళ్లు ముందు భాగాన్ని తాకీ తాకనట్టుండాలి. మోకాళ్లు వంచగానే ఆ ఒత్తిడి తగ్గాలి. మడమ పైకి లేస్తే, ఎంత ముచ్చటైన జతయినా వద్దనే చెబుతాను, ఎందుకంటే పట్టు లేని చీలమండతో మలుపు తిరగడం కష్టం. హెల్మెట్ కనుబొమలకు ఒక వేలెడు పైన కూర్చుని, తల ఊపినా కదలకూడదు. మోకాలి చిప్ప, షిన్ గార్డ్ (మోకాలినీ కాలి ముందు ఎముకనూ కాపాడే కవచం) పైభాగంలోని గిన్నెకు సరిగ్గా నడుమ ఉండాలి. మోచేతి ప్యాడుకూ గ్లవ్‌కూ మధ్య చేయి బయటపడకూడదు.