షెడ్డు పెంచకుండానే స్పేర్ పార్టులకు చోటు చేసుకున్నాం
మిర్యాలగూడలో రైస్ మిల్లుల రిపేర్ షెడ్డు మాది. సీజన్ వస్తే లేత్ చుట్టూ బేరింగ్ డబ్బాలు, వడ్లను పైకి ఎత్తే ఎలివేటర్ బకెట్లు కుప్పలు పడి నడవడానికి దారుండేది కాదు. ఇంకో షెడ్డు కిరాయికి తీసుకుందామని అన్న అన్నాడు గానీ, రేకుల దాకా గోడంతా ఖాళీగానే ఉంది కదా, యాంగిల్ ర్యాకులు వేయించి బరువైన షాఫ్టులు, పుల్లీలు కింద, రోజూ కావాల్సిన బేరింగులు నడుము ఎత్తులో, ఎప్పుడో తీసేవి పైన పెట్టించాను. ప్రతి అరకూ నంబరు వేసి, అదే నంబరు స్టాక్ పుస్తకంలో ఎక్కించాం. నేల మీద పసుపు గీత గీసి, ఆ దారిలో ఏదీ పెట్టనివ్వడం లేదు, ట్రాలీ హాయిగా తిరుగుతోంది.

మోటారుతో మిషన్లను తిప్పే వి-బెల్టులను సన్న మేకులకు వేలాడదీయకండి, బరువుకు అక్కడే వంగిపోతాయి. మేం లావు పైపు ముక్కలకు తగిలించాం. వడ్ల పొట్టు తీసే రబ్బరు రోల్స్‌ను పై అరలో అసలే పెట్టొద్దు, మన ఎండలకు రేకుల వేడి తగిలి రబ్బరు గట్టిపడుతుంది. కింద, నీడలో ఉంచి, పాతవి ముందు వాడండి.