జెర్మేనియం డిటెక్టర్: నైట్రోజన్ పోయడం నుంచి కాలిబ్రేషన్ దాకా

గామా కిరణాల శక్తిని కొలిచే జెర్మేనియం డిటెక్టర్‌ను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి వాడతారు. ఆ నైట్రోజన్ ఉండే పాత్ర (డివార్) ఖాళీ అయి డిటెక్టర్ సగం వేడెక్కిందని తెలిసినప్పుడు చేయకూడని మొదటి పని, కంగారుగా ద్రవ నైట్రోజన్ పోయడం. క్రయోస్టాట్‌లో (క్రిస్టల్‌ను చల్లగా ఉంచే, గాలి తీసేసిన పెట్టె) వ్యాక్యూమ్ కాపాడే మాలిక్యులర్ సీవ్ (వాయువులను పట్టుకునే పదార్థం) వేడెక్కితే తాను పట్టుకున్న వాయువులను వదిలేస్తుంది. అప్పుడే మళ్లీ చల్లబరిస్తే అవి క్రిస్టల్ మీద పేరుకుని లీకేజ్ కరెంట్ (గామా తగలకపోయినా పారే కరెంట్) పెంచుతాయి. హై వోల్టేజ్ తీసేసి, కనీసం ఒక రోజంతా వదిలి, పూర్తిగా గది ఉష్ణోగ్రతకు వచ్చాకే నింపండి.

పోసేటప్పుడు ముఖానికి షీల్డ్, వదులైన గ్లవ్స్ ఉండాలి, తలుపు తెరిచి ఉంచాలి. లీటరు ద్రవం సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. గదిలో ఆక్సిజన్ తగ్గితే మనిషికి తెలియదు.

ఈరోజు నింపితే వోల్టేజ్ రేపే. ముందు డిటెక్టర్ సర్టిఫికెట్‌లో పోలారిటీ చూడండి: కోయాక్సియల్ పి-టైప్‌కు పాజిటివ్, ఎన్-టైప్‌కు నెగటివ్. బయాస్ షట్‌డౌన్ కేబుల్ (డిటెక్టర్ వేడెక్కితే హై వోల్టేజ్‌ను ఆపేది) తగిలించాక 100 వోల్టుల చొప్పున పెంచుతూ, ప్రతిసారీ ఆగి ప్రీఆంప్ (డిటెక్టర్ సిగ్నల్‌ను మొదట అందుకుని పెంచే సర్క్యూట్) అవుట్‌పుట్‌ను ఆసిలోస్కోప్‌లో చూడండి. వోల్టేజ్ పెరిగేకొద్దీ కెపాసిటెన్స్ తగ్గుతుంది కాబట్టి నాయిస్ కూడా తగ్గాలి. పైకి వెళ్తుండగా ఉన్నట్టుండి నాయిస్ పెరిగితే అది లీకేజ్. అక్కడితో ఆపి వెనక్కి రండి, ఎలాగోలా పూర్తి వోల్టేజ్‌కు చేర్చాలని చూడకండి.

ఆంప్లిఫయర్‌లో షేపింగ్ టైమ్ (పల్స్‌ను మలిచే వ్యవధి) 6 మైక్రోసెకన్లతో మొదలుపెట్టండి. తర్వాత పోల్ జీరో, అంటే పల్స్ తోకను సరిదిద్దే సర్దుబాటు. చాలామంది దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తారు. కోబాల్ట్-60 సోర్స్ పెట్టి, ఆంప్లిఫయర్ పల్స్ తోక బేస్‌లైన్ కిందికి దిగకుండా, పైన వేలాడకుండా స్క్రూ తిప్పండి. తోక కనపడాలని స్కోప్‌ను 50 మిల్లీవోల్టుల స్కేల్‌కు తెస్తే పెద్ద పల్స్‌కు స్కోపే సాచురేట్ అయి లేని తోకను చూపిస్తుంది. మధ్యలో లిమిటర్ (పల్స్ ఎత్తును కత్తిరించే సర్క్యూట్) పెట్టండి. ఇది సరిగా కుదరకపోతే కౌంట్ రేటు పెరిగినప్పుడు పీక్‌కు ఒకవైపు తోక వస్తుంది.

పల్స్‌లను ఎత్తును బట్టి వేరుచేసే 8192 చానళ్లలో కోబాల్ట్-60ది 1332.5 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్) పీక్ 4000వ చానల్ దగ్గర పడేలా గెయిన్ (ఆంప్లిఫయర్ ఎన్ని రెట్లు పెంచాలన్నది) పెట్టండి. ఒక్కో చానల్ కేఈవీలో మూడో వంతు అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న డిటెక్టర్‌కు ఈ పీక్ సగం ఎత్తు దగ్గర వెడల్పు 2 కేఈవీ లోపే, అంటే ఆరు చానళ్లు. అంతకంటే వెడల్పుగా ఉంటే డిటెక్టర్‌ను అనుమానించే ముందు గ్రౌండ్ చూడండి: ప్రీఆంప్ పవర్, హై వోల్టేజ్, ఆంప్లిఫయర్ ఒకే నిమ్ క్రేట్ (మాడ్యూళ్లను అమర్చి పవర్ ఇచ్చే పెట్టె) నుంచి రావాలి.

కాలిబ్రేషన్‌కు యూరోపియం-152 సోర్స్‌ను 25 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి, డెడ్ టైమ్ (కొత్త పల్స్‌ను తీసుకోలేని సమయం) 10 శాతం దాటనివ్వకండి. 121.8, 344.3, 778.9, 964.1, 1408.0 కేఈవీ పీక్‌లు ఒక్కోదానిలో 10 వేల కౌంట్లు వచ్చాక చానల్‌కూ శక్తికీ మధ్య సరళరేఖ ఫిట్ చేయండి. రేఖ నుంచి పీక్‌ల తేడాలన్నీ ఒకే వంపులో కనిపిస్తేనే వర్గపదం కలపండి. సోర్స్‌ను మరీ దగ్గరికి జరిపితే రెండు గామాలు కలిసి ఒకే పల్స్‌గా నమోదవుతాయి, కోబాల్ట్‌కైతే 2505.7 దగ్గర కొత్త పీక్ లేస్తుంది. శక్తి కాలిబ్రేషన్‌కు దానివల్ల పెద్ద నష్టం లేదు, ఎఫిషియెన్సీ (వచ్చిన గామాల్లో ఎన్ని నమోదయ్యాయన్న) లెక్క మాత్రం తప్పుతుంది.

511 కేఈవీ పీక్‌ను (ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కలిసి నశించినప్పుడు వచ్చేది) ఫిట్‌లో కలపకండి. ఎలక్ట్రాన్ల కదలిక వల్ల డాప్లర్ ప్రభావంతో అది సహజంగానే వెడల్పు. సరిచూసుకోవడానికి ఫిట్‌లో లేని పీక్‌లు కావాలి: గోడల్లోంచి వచ్చే పొటాషియం-40ది 1460.8, థాలియం-208ది 2614.5. రెండోది పక్కకు జరిగి మొదటిది సరిగ్గా ఉంటే, 1408 దాటిన శక్తులకు మీ రేఖ చాలడం లేదన్నమాట. రెండూ ఒకే నిష్పత్తిలో జరిగితే గెయిన్ కదిలింది; గది ఉష్ణోగ్రత చూడండి.